అచ్చు అతుకుతరు

కరోనా తగ్గి కోర్టు హాళ్ళు మళ్ళీ మనుషులతో నిండిన ఏడాది, వేసవి సెలవులకు ముందు, ఎల్బీనగర్ వైపు ఒక కోర్టులో ట్రాన్స్‌లేటర్‌గా నా చివరి పోస్టింగు పడింది. కోర్టులో అనువాదానికని వేరే ఉద్యోగి ఉంటారన్న సంగతి చాలామంది వకీళ్ళకే గుర్తుండదు. హోదాలో శిరస్తేదారుకు, అంటే కోర్టు ఆఫీసు పెద్దకు, ఒక మెట్టు కింద. తెలుగు వాంగ్మూలాలు, దస్తావేజులు ఇంగ్లీషులోకి మార్చి, అడుగున ‘నాకు తెలిసినంతలో ఇది నిజమైన, సరైన అనువాదం’ అని రాసి సంతకం పెట్టడం నా పని. సంతకం పెట్టాక ఆ కాగితం మీద ఎవరేమడిగినా బోనెక్కి జవాబు చెప్పుకోవాలి.

మాది తెనాలి. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాను, ఇక్కడే ఉద్యోగంలో చేరాను, ఇక్కడే రిటైరయ్యాను. ఇన్నేళ్ళయినా నా మాట మారలేదు, నన్ను ‘ఆంధ్రా మేడం’ అనడం ఇక్కడివాళ్ళూ మానలేదు. పాలప్యాకెట్టు మీద అచ్చుతప్పు కనిపించినా షాపువాడితో తగువు పెట్టుకుంటానని ఆఫీసులో ఒక పరిహాసం ఉండేది. అబద్ధమేమీ కాదు, ఒకసారి పెట్టుకున్నాను కూడా.

ఆ రోజుల్లో మా కోర్టుకు ఒక బెయిలు పిటిషన్ వచ్చింది. ముద్దాయి భాస్కర్ అనే విలేకరి. ఒక చిన్న యూట్యూబ్ చానెల్‌కు పనిచేసేవాడు. నగరం అంచున గుడిసెలు కూల్చిన సంగతి వరసగా వార్తలు చేశాడు, ఆపమన్నా ఆపలేదు. చివరకు ప్రభుత్వం మీద తిరగబడమని రహస్యంగా పోస్టర్లు అచ్చువేయించాడని ఆయన్నీ, వాటిని గోడలకు అంటించారని ఇద్దరు హక్కుల కార్యకర్తలనూ అరెస్టు చేశారు. పెట్టిన చట్టం బెయిలు దాదాపు దొరకనిది. ఆరోపణ పైకి చూడడానికి నిజమనిపిస్తే చాలు, జడ్జి చేతులు కట్టేస్తుంది. అప్పటికే ముగ్గురూ లోపల ఏడాది దాటారు, విచారణ మొదలేకాలేదు.

విచిత్రమేమిటంటే పోస్టరు ఒక్కటీ దొరకలేదు. దొరికింది ఫోను సంభాషణ. భాస్కర్ అరెస్టుకు ముందు ఆయన ఫోనును అనుమతి తీసుకుని కొన్నాళ్ళు విన్నారు. పోచంపల్లి దగ్గరి పల్లె నుంచి తల్లి అండాలమ్మ చేసిన కాల్స్ అవి. దర్యాప్తు సంస్థ వాటిని తెలుగులో రాయించి, ఇంగ్లీషు చేయించి దాఖలు చేసింది. ఆ ఇంగ్లీషును తిరిగి తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: ‘ఈ ముద్రణ అయిపోవచ్చింది. రేపు కొత్తగా ముద్రించినవి అంటిస్తారు. ఎరుపు ఎక్కువగానే పడింది. మీ నాన్న పొద్దున్నుంచి గోతిలోనే దాగి ఉన్నాడు. నువ్వు వచ్చేలోగా సరుకు దింపేస్తాం.’ పక్కనే, ‘నేపథ్యంలో ముద్రణ యంత్రం చప్పుడు’ అని ఒక గమనిక.

చదివితే నాకే నిజమనిపించింది. గోతిలో దాగిన ఒక మనిషి, ఎర్రటి కాగితాలు, వాటి మధ్య ఏ బెరుకూ లేకుండా మాట్లాడే ఒక ముసలి తల్లి.

అనువాదం తప్పని డిఫెన్సు అభ్యంతరం చెప్పింది. రికార్డింగులు పూర్తిగా విని రిపోర్టు ఇవ్వమని జడ్జి గారు నన్ను ఆదేశించారు. ఆర్డరు కాగితం నా చేతికిస్తూ శిరస్తేదారు యాదగిరి గారు గొంతు తగ్గించి, “మేడం, జర పైలంగ చూడున్రి. గీ కేసులల్ల మాట అటిటైతే మనక్కూడ పరేషాన్,” అన్నారు.

“మాట అటూఇటూ అయిందనే కదండీ మన దాకా వచ్చింది,” అన్నాను.

వినే పద్ధతి ఇది. కోర్టు వెనకాల కిటికీ లేని పాత రికార్డు గది. ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్. సీలు విప్పిన డిస్కు అసలుదానికి నకలేనని కంప్యూటరు లెక్కతో సరిచూసి, రెండు పక్షాల సంతకాలు తీసుకుని మొదలుపెట్టాలి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది విన్నట్టు పైకి చెబుతాను, టైపిస్టు కొడుతుంది. గదిలో డిఫెన్సు తరఫున ఒక జూనియర్ వకీలు, దర్యాప్తు సంస్థ తరఫున ఒక అధికారి కూర్చుంటారు. వాళ్ళు చూడవచ్చు, మాట్లాడకూడదు.

ఆ అధికారి మాట్లాడే రకంలా కూడా కనబడలేదు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో మూసిన ఫైలు. టీ వస్తే ముట్టుకునేవాడు కాదు. సాయంత్రానికి కప్పు మీద మీగడ కట్టి అలాగే ఉండేది.

సర్వీసులో చనిపోయినవాళ్ళ మరణ వాంగ్మూలాలు ఎన్నో అనువాదం చేశాను. వాటికి భయపడలేదు గానీ ఈ గొంతుకు భయపడ్డాను. భాస్కర్ ఆ కాల్స్‌లో నవ్వుతున్నాడు. ఎండలు ముదిరాయంటాడు, బైకుకు టైరు మార్చానంటాడు, వచ్చే నెల వస్తానంటాడు. అతను వెళ్ళలేడని అతనికి తెలియదు, ఆ గదిలో కూర్చున్న మా అందరికీ తెలుసు. హెడ్‌ఫోన్లు తీసి నీళ్ళు తాగి మళ్ళీ పెట్టుకునేదాన్ని. చెవుల దగ్గర చెమట పట్టేది.

అసలు సంభాషణ మొదటిసారి విన్నప్పుడే ఒక అక్షరం నా చెవికి తగిలింది. వాళ్ళ తెలుగు ప్రతిలో ‘అచ్చు అతికిస్తరు’ అని ఉంది. రికార్డులో అండాలమ్మ అన్నది అది కాదు. “ఈ అచ్చు అయిపోవచ్చింది బిడ్డా, రేపు కొత్త అచ్చు అతుకుతరు. ఎరుపు జర ఎక్కువనే పడ్డది. మీ నాయిన పొద్దుగాలకెల్లి గుంటల్నే ఉన్నడు. నువ్వొచ్చెటాళ్ళకు దింపుతం.”

అతుకుతరు. నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. గోడకు కాగితం అతికిస్తాం, అంటిస్తాం. గోడకు కాగితం అతకం. తెగిన కొసకు కొస కలిపితే అది అతకడం. మరి అచ్చును ఎవరైనా కొసకు కొస ఎందుకు కలుపుతారు?

సీలు వేసిన సాక్ష్యం గురించి బయటివాళ్ళను అడగకూడదు. మా మేడ కింద పోచంపల్లి చీరల కొట్టు నడిపే కుటుంబమే ఉంది, దాటుకుంటూ పోతూ కూడా నోరు మెదపలేదు. నిఘంటువు చూడవచ్చు. ఆఫీసు బీరువాలో అట్ట ఊడిన పాత నిఘంటువు ఉంటే తీశాను. అచ్చు అంటే స్వరాక్షరం. అచ్చు అంటే ముద్రణ. అచ్చు అంటే మూస, బెల్లం అచ్చు లాంటిది. ఇంకా కిందికి పోతే, సాలెవారు మగ్గం మీద పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, దూర్చే దువ్వెన లాంటి పలక.

ఇంక మిగతాదంతా దానంతటదే విప్పుకుంది. మగ్గం మీద ఉన్న పడుగు నేసి అయిపోవస్తే, అచ్చులో మిగిలిన పాత దారాల కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. అది అచ్చు అతకడం. గుంట అంటే మగ్గం గుంట, నేసేవాడు కాళ్ళు కిందికి పెట్టుకుని కూర్చునేది. ఎరుపు రంగు అద్దకంలో పడింది. దింపేది చీర. ఆ ఇంట్లో ముద్రణ లేదు, గోడకు అంటించేదేమీ లేదు, గోతిలో దాగినవాడూ లేడు. పొద్దున్నుంచి పనిలో ఉన్న ఒక పెద్దాయన ఉన్నాడు.

ఇక ఆ యంత్రం చప్పుడు. నేను మగ్గాల ఊళ్ళో పుట్టినదాన్ని కాను, చప్పుడు వినగానే పోల్చుకోలేను. కానీ వినడం నా పని. ఒకచోట అండాలమ్మ ఫోను పక్కకు తిప్పి, “జర ఆపున్రి, పోరగాడు మాట్లాడుతుండు,” అంది. చప్పుడు ఠక్కున ఆగింది. ఒక మగమనిషి దగ్గు వినిపించింది, ఫోనుకు రెండు బారల దూరంలో. ముద్రణ యంత్రమైతే మాట అనగానే అలా ఆగిపోదు. దాక్కున్న మనిషి దగ్గడు. ఈ రెండూ రిపోర్టులో రాశాను.

ఆ రోజు మెట్రోలో ఇంటికి వస్తుంటే చుట్టూ అందరూ ఫోన్లలో ఉన్నారు. ఎదుటి సీటు కుర్రాడు, “సామాను దింపినం అన్న, మనుషులే తక్కువ పడ్డరు,” అంటున్నాడు. ఏ ఫంక్షన్ హాలు కుర్చీలో అయ్యుంటాయి. పక్కన ఒకావిడ మా వైపు యాసలో, “మందు వచ్చిందండీ, రాత్రికి కొట్టించేస్తాం, పొద్దుటికి ఒక్కటి మిగలదు,” అంటోంది. బొద్దింకలకై ఉంటుంది. నా తలలో అవి ఇంగ్లీషులోకి మారిపోతున్నాయి, వద్దన్నా మారిపోతున్నాయి, ఒక్కొక్కటీ నేరంగా. చైతన్యపురి దాటేసరికి ఆ పెట్టెలో నిర్దోషి ఒక్కరు మిగల్లేదు. నేను నా ఫోను బయటికి తీయలేదు.

అసలు భయం మర్నాడు మొదలైంది. వాళ్ళ ప్రతిలో అక్కడక్కడ ‘అసంబద్ధం, వదిలివేయబడింది’ అని బ్రాకెట్లలో ఉంది. కాల్స్‌లో సొంత గొడవలు వస్తే అలా వదలడం మామూలే. అయినా ఆర్డరులో ‘పూర్తిగా’ అనే మాట ఉంది కాబట్టి వాటినీ విన్నాను.

మొదటిచోట అండాలమ్మ మాట మధ్యలో ఆపింది. లైను మీద సన్నటి గాలి చప్పుడు. తర్వాత, “ఎవరో ఉన్నరు బిడ్డా. ఊపిరి ఇనొస్తుంది,” అంది.

భాస్కర్ నవ్వాడు. “ఎవరుంటరే అమ్మా. సిగ్నల్ గట్లొస్తది.”

“కాదు. ఉన్నరు.” ఆ తర్వాత ఆమె గొంతు కొంచెం పెద్దది చేసి, ఇంటికి వచ్చిన మనిషిని పలకరించినట్టు, “ఓ అయ్యా, తిన్నవా?” అంది.

కొడుక్కి కాదు. వింటున్నవాడికి. ఆ క్షణంలో వింటున్నది నేనే కాబట్టి నాకే అనిపించింది. పని ఆపకూడదు. టైపిస్టు కోసం ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పాను: “ఓ అయ్యా, తిన్నవా?”

“తిన్ననమ్మా.”

గదిలోనే, నా ఎడమవైపు నుంచి. దర్యాప్తు అధికారి. అలవాటులో వచ్చేసిన జవాబు. అతని పెదాలు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. టైపిస్టు చేతులు ఆగాయి. జూనియర్ వకీలు అతనికేసి చూసింది. అతను ఫైలు తెరిచాడు, అందులో ఏమీ చదవకుండా చూస్తూ కూర్చున్నాడు. నేను అతన్ని ఏమీ అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. పెద్దావిడ గొంతులో ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే ఎవరైనా అలాగే అంటారని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అడిగింది పెద్దావిడ గొంతు కాదు, నా గొంతు. తెనాలి గొంతు. అతను బదులిచ్చింది నా గొంతుకు కాదు.

మర్నాడు ఆయన స్థానంలో వేరే అధికారి వచ్చాడు. పాతాయనకు ఇంకేదో డ్యూటీ పడిందని మాత్రం చెప్పాడు.

ఆ తర్వాతి కాల్స్ అన్నిటిలోనూ అండాలమ్మ ఆ మూడో మనిషిని పలకరించడం మానలేదు. ఎండల్ల జాగ్రత్త అయ్యా అంటుంది. నీకు పిల్లలెందరంటుంది. ఆమె అడిగాక కొంచెం ఆగుతుంది, నిజంగానే జవాబుకు చోటిచ్చినట్టు. భాస్కర్ మొదట్లో నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరి కాల్స్‌లో అతనూ ఆగడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఆగితే లైను మీద ఆ గాలి చప్పుడు ఒక్కటే. ఆఖరి కాల్‌లో, అరెస్టుకు ముందు రోజు, కొడుకు కట్ చేయడం మరచి ఫోను పక్కన పెట్టేశాక కూడా ఆమె లైను మీదే ఉంది. “ఓ అయ్యా, నా కొడుకు పేపరోళ్ళ పని చేస్తుండని ఊళ్ళె ఏందేందో అంటున్నరు. నువ్వన్ని ఇన్నవు గదా. నీకెర్కే.”

నీకెర్కే. నీకు తెలిసిందే అని. దీనికి ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. ‘నువ్వు’ అనే చనువూ ‘అయ్యా’ అనే మర్యాదా ఒకే మనిషికి ఇచ్చిందామె. ఇంగ్లీషులో ఆ రెండూ పోయాయి, ఏం చేసినా తిరిగి రాలేదు.

రిపోర్టు మీద వాదనల రోజు నన్ను బోనులో నిలబెట్టారు. భాస్కర్‌ను జైలు నుంచి తేలేదు, వీడియో తెరమీద చిన్న చదరంలో కనబడుతున్నాడు. అండాలమ్మ వెనక బెంచీలో కూర్చుంది. సన్నటి మనిషి, చేతివేళ్ళ గోళ్ళ చుట్టూ పాత రంగు మరకలు. ఆమెను చూడకముందే నేనామెను ఎంత ఎరుగుదునో తలచుకుంటే సిగ్గేసింది. ఆమె వంటింటి తలుపు కిర్రుమనడం కూడా నాకు తెలుసు.

ప్రాసిక్యూటర్ నేరుగా అడిగారు. “అచ్చు అంటే ముద్రణ అవునా, కాదా?”

“అవునండీ. బెల్లం కూడా అవును.”

“మీకు నేతపని వచ్చా?”

“రాదండీ. తెలుగు వచ్చు.”

జడ్జి గారు పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నారు. వదిలేసిన భాగాలు అసంబద్ధమని, చదవనక్కరలేదని ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పారు. ఆర్డరులో ‘పూర్తిగా’ అని ఉందని నేను మనవి చేశాను. చదవమన్నారు. చదివాను, తెలుగు మొదట, ఇంగ్లీషు తర్వాత. “నువ్వన్ని ఇన్నవు గదా. నీకెర్కే,” అన్నప్పుడు తెరమీద భాస్కర్ తల వంచుకున్నాడు. ఆ మాటలు అతనూ అప్పుడే మొదటిసారి విన్నాడు. అవి అతను ఫోను పక్కన పెట్టేశాక అన్నవి.

భోజన విరామం తర్వాత ఆర్డరు వచ్చింది. పోస్టర్లనడానికి ఉన్న ఏకైక ఆధారం మాటను తప్పుగా రాయడం వల్ల పుట్టిందని, కాబట్టి ఆరోపణ పైకి చూడడానికి కూడా నిలవదని జడ్జి గారు చదివారు. ముగ్గురికీ షరతులతో బెయిలు. కేసు మాత్రం కొట్టేయలేదు, ఇది రాస్తున్న నాటికీ వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

వరండాలో అండాలమ్మ నా దగ్గరికి వచ్చింది. “తిన్నవా బిడ్డా?” అంది ముందు. తిన్నానన్నాను. అబద్ధం, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

“నువ్వేనా అప్పుడు ఇన్నది?”

“కాదమ్మా. నేను తర్వాత విన్నాను, కోర్టు వినమంటే.”

“మరి అప్పుడు ఇన్నాయన యాడున్నడు?”

నాకు తెలియదన్నాను. చట్టప్రకారం అది నిజమే. కోర్టుకిచ్చిన కాగితాల్లో విన్నవారి హోదా ఉంటుంది, పేరు ఉండదు.

“ఆయనొచ్చి చెప్తే ఏడాది కిందనే అయిపోతుండె గదా,” అందామె. కోపంగా కాదు, లెక్క కుదరనట్టు. తర్వాత చెంగు సవరించుకుని మెట్లవైపు నడిచింది. బయటి తలుపు బరువైనది, స్ప్రింగు బిగుసుకుపోయి ఉంటుంది. ఎవరో దాన్ని ఆమె కోసం తెరిచి పట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా. ఆ రోజు అతనికి మా కోర్టులో డ్యూటీ లేదు, చేతిలో ఫైలూ లేదు. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో నేను చూడలేదు.

అండాలమ్మ తలుపు దాటుతూ అతనికేసి తలెత్తింది. ఆమెకు ప్రతివారినీ అడగడం అలవాటని నాకు తెలుసు, అతనికీ తెలుసు. “తిన్నవా అయ్యా?” అంది.

అతను నోరు తెరిచాడు. ఆమె అలవాటు ప్రకారం కొంచెంసేపు ఆగింది, జవాబుకు చోటిచ్చి, ఆ తర్వాత మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయింది. అతను తలుపు వదలకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆమె కోసం ఏడుపు రాలేదు, అంతా విని ఊరుకున్న అతన్ని చూస్తేనే భయమేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరయ్యాను. కొత్తగా చేరిన ట్రాన్స్‌లేటర్లకు పని అప్పగించేటప్పుడు ఈ కేసులో నేర్చుకున్న రెండు సంగతులు చెప్పాను. మాట అర్థం కోసం ముందు దాని క్రియను చూడండి, నామవాచకం ఎటైనా తిరుగుతుంది. ఇక ఎవరైనా ‘అసంబద్ధం’ అని వదిలేసిన చోటు కనిపిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒక మాట అసంబద్ధమని రాయాలంటే ముందు దాన్ని పూర్తిగా వినాలి. రాసినవాడు విన్నాడు.